పేర్లకి ముందు వాయించేది

పెదవి ఆరిపోతోంది, ఇంకో గుక్క నీళ్ళు తాగితే బాగుండును, కానీ ఇప్పుడు తాగితే సరిగ్గా ఎర్రదీపం వెలిగే వేళకి గుటక గొంతులో అడ్డం పడుతుంది, మామయ్య చూస్తాడు, చూసి ఏమీ అనడు, ఏమీ అనకపోవడమే ఈమధ్య ఆయన తిట్టడం, ఇదివరకైతే చేతిలో పుల్లతో స్టాండు మీద టకటకా కొట్టి ఏమే ట్రంపెట్టూ, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఆ బిగుసుకుపోవడమేంటి అని పద్దెనిమిది మందీ గొల్లుమనేలా అరిచేవాడు, అమ్మకి తమ్ముణ్ణనీ నాకు మేనమామననీ ఎక్కడా బయటపడేవాడు కాదు, బ్యాండులో నేను ట్రంపెట్టుని, ఆయన మాస్టారు, అంతే, ఇవాళ మాత్రం చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని మా ఎదురుగా నిలబడి ఎవరి మొహమూ చూడకుండా కాయితాలు సర్దుతున్నాడు, సర్దినవే సర్దుతున్నాడు, ఈ రేడియో స్టూడియో గోడలకి మందపాటి గుడ్డ అంటించి ఉంది, మాట నోట్లోంచి వచ్చీ రాగానే గోడ మింగేస్తోంది, ఎవరైనా దగ్గితే ఆ దగ్గు కూడా సగంలోనే తెగిపోతోంది, ఎదురుగా పెద్ద అద్దం, అద్దానికవతల చిన్న గది, అందులో పేర్లు చదివే ఆవిడ, ఆవిడ వెనక కుర్చీలో కాలు మీద కాలేసుకుని అధికారి, ఇవాళ రికార్డు వేయరట, కొత్త పాలన వచ్చి ఏడాది నిండింది కాబట్టి బ్యాండే స్వయంగా వచ్చి వాయించాలట, మేం వాయిస్తాం, ఆపుతాం, ఆవిడ చదవడం మొదలుపెడుతుంది, రోజూ ఆ నల్లటి పళ్ళెం తిరుగుతూ చేసే పనిని ఇవాళ మేం చేతులతో, ఊపిరితో చేస్తాం, నా పక్కన డ్రమ్స్ వెనక చీమ ఏదో కూనిరాగం తీస్తున్నాడు, అంత లావుపాటి మనిషికి చీమ అని ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, పగలంతా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు, గోళ్ళ కింద గ్రీజు ఎంత రుద్దినా పోదు, ఇందాక నావైపు వంగి ఏంటక్కా అంత చెమట, ఏసీ ఉంది కదా అన్నాడు, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు, బ్యాండులో అందరూ అతనికి అక్కలూ అన్నలే.

ఆ రికార్డు చేసినప్పుడు ఏసీ ఎక్కడిది, మూతపడిన సినిమా హాల్లో కదా చేశాం, కుర్చీలు పీకేసిన చోట నేలంతా బోల్టులు లేచి ఉండేవి, చీమ కాలికి తగిలి బూతు తిడితే అది కూడా మైకులో పడింది, పైకప్పులో పావురాలు రెక్కలు కొట్టుకుంటే మళ్ళీ మొదటినుంచి, నవ్వి నవ్వి ఊదలేక మళ్ళీ మొదటినుంచి, మొదటి పాట ట్రంపెట్‌తో లేస్తుంది, నేనొక్కదాన్నే, వెనక ఎవరూ ఉండరు, అడుగునుంచి మెల్లగా పైకెక్కి అక్కడొక్క క్షణం నిలబడాలి, అప్పుడు ట్రాంబోన్లు నేలలోంచి వచ్చినట్టు వస్తాయి, ఆ వెనక శాక్సఫోన్లు, ఆ వెనక చీమ, నేను పైకెక్కి నిలబడబోతే స్వరం పగిలింది, గ్లాసు మీద సన్నటి గీత పడ్డట్టు, అయ్యో మళ్ళీ చేద్దాం మాస్టారూ అన్నాను, మామయ్య కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపాడు, వద్దు, ఉండనీ, చీకటి పడేవేళ తప్పిపోయినవాణ్ణి పిలుచుకుంటూ తిరిగే మనిషి గొంతు అలాగే ఉంటుంది, నేను రాసింది అదే, నీకు ఇన్నాళ్ళకి కుదిరింది అన్నాడు, ఎంత పొంగిపోయానో ఆ రోజు, ఇంటికెళ్ళి చెల్లెలికి చెప్పి, మరిదికి చెప్పి, ఇద్దరినీ కూర్చోబెట్టి ఊది వినిపించి, మరిది నవ్వి వదినా, ఇంతకీ ఆ తప్పిపోయినవాడు దొరుకుతాడా అని అడిగాడు, రికార్డు బయటికొచ్చాక కొన్నవాళ్ళంతా మా చుట్టాలే, వాళ్ళలోనూ సగం మంది ఊరికే పుచ్చుకున్నారు, పేపర్లో సంగీతం గురించి రాసే ఆయన ఒక్కడు దయతలిచి రాశాడు, పద్దెనిమిది మంది చీకటి గదిలో ఒకే తాళంచెవి కోసం తడుముకుంటున్నట్టుంది ఈ జాజ్ ఆల్బమ్, దొరికిందో లేదో చెప్పకుండానే ముగించారు అని, మామయ్య దాన్ని కత్తిరించి రిహార్సల్ గది తలుపుకి అంటించాడు, మనల్ని ఇంతకంటే బాగా ఎవడు వింటాడ్రా అని పడీపడీ నవ్వాడు, ఎవరూ కొనని రికార్డు ఎంత హాయిగా ఉండేదో అప్పుడు తెలియలేదు.

రేడియోలో నా ట్రంపెట్ మొదటిసారి విన్నప్పుడు కూరగాయల కొట్లో ఉన్నాను, సంచీ కింద పడేసి ఇది నేనే, ఇది నేనే ఊదాను అని కొట్టాయన చెయ్యి పట్టుకుని ఊపేశాను, ఆయన కూడా సంబరపడి సౌండు పెంచాడు, ట్రాంబోన్లు వచ్చాయి, శాక్సఫోన్లు వచ్చాయి, టక్కున ఆపేశారు, ఆ తరవాత ఒక ఆడగొంతు, చక్కటి ఉచ్చారణ, తొందర లేదు, ఈ కింది వ్యక్తులు రేపు ఉదయం పాత కోర్టు భవనంలో హాజరు కావలెను, తరవాత పేర్లు, ఇంటిపేరుతో సహా, ఒక్కో పేరు తరవాత కాస్త ఆగి, మేం ఇద్దరం తలలూపుతూ విన్నాం, ఏదో పన్నుల గొడవ అనుకున్నాం, వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదని తెలియడానికి నెల పట్టింది, ఆ తరవాత సాయంత్రం అయ్యేసరికి వీధిలో రేడియోలన్నీ ఒకేసారి మోగేవి, తప్పనిసరిగా పెట్టాలి మరి, పెట్టని ఇల్లేదో చూసేందుకు మనుషులు తిరుగుతుంటారు, నా ట్రంపెట్ లేవగానే ఎదురింటావిడ చేతిలో చీపురు అలాగే ఆగిపోయేది, ఆడుకునే పిల్లల్ని రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కెళ్ళేవారు, బస్సులో డ్రైవరు పక్కకి తీసి ఇంజను ఆపేసేవాడు, ఎవరూ ఎవరి మొహమూ చూసుకునేవారు కాదు, పేర్లు అయిపోయాక బస్సంతా ఒక్కసారి ఊపిరి వదిలేది, ఎక్కడో ఒక ఇంట్లోంచి మాత్రం కేక, నేను పొద్దున మేడ మీద సాధన చేస్తే కిందనుంచి ఎవరో రాయి విసిరారు, రాయి తగల్లేదు, ఎవరు విసిరారో చూడలేదు, చూడకూడదనుకున్నాను, చప్పుడు తగ్గేలా ట్రంపెట్ నోటికి మ్యూట్ బిగించి ఊదాను, తరవాత పరుపు మడతలో మొహం పెట్టి ఊదాను, తరవాత మానేశాను, రికార్డు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయింది, ప్రతి కొట్లో, ప్రతి ఆఫీసులో, చెప్పుల దుకాణంలో, దంతవైద్యుడి గదిలో, తలుపు తియ్యగానే కనిపించే చోట, చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పకుండా, సోదాకి వచ్చేవాళ్ళ కళ్ళపడితే చాలు, ఒకరోజు ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టి ఆ అట్ట మీద సంతకం పెట్టమంది, మా అబ్బాయి మంచివాడమ్మా, మీ పాటంటే చాలా ఇష్టం అని రాయండి, మీ అంతట మీరే రాసినట్టు రాయండి అంది, రాశాను, వాడి పేరు కూడా అడిగి రాశాను, ఆ పేరు ఎప్పుడు వినపడుతుందోనని ఈరోజుకీ చెవులు రిక్కించుకుని కూర్చుంటాను.

మరిది పేరు విన్నప్పుడు అందరం ఒకే గదిలో ఉన్నాం, చెల్లెలు బట్టలు మడతపెడుతోంది, మరిది కుర్చీకి ఊడిన కాలు మేకు కొట్టి బిగిస్తున్నాడు, నోట్లో ఇంకో రెండు మేకులు పెట్టుకున్నాడు, నా ట్రంపెట్ పైకెక్కింది, పగిలింది, ఆగింది, ఆవిడ ఆ పేరు ఎంత చక్కగా పలికిందో, మా ఇంట్లో ఎవరూ అంత స్పష్టంగా పలకలేదు ఎప్పుడూ, మరిది మేకులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు, ఇంకెవరికైనా అదే పేరు ఉండుంటుంది, వెళ్ళి చెప్పి వచ్చేస్తాను అన్నాడు, చెల్లెలు ఉతికిన చొక్కా ఇచ్చింది, పొద్దున్నే వెళ్ళాడు, చెల్లెలు నాలుగు రోజులు పాత కోర్టు ముందు నిలబడింది, ఐదో రోజు ఇంటికొచ్చి మేడ మెట్లెక్కి నా గది గుమ్మంలో నిలబడి, అక్కా, నువ్వు ఊదావు, వాళ్ళు పిలిచారు అంది, అరవలేదు, ఏడవలేదు, మేం ఒకే గదిలో పెట్టె పక్కన పెట్టె పెట్టుకుని పెరిగినవాళ్ళం, ఒకే దువ్వెన వాడినవాళ్ళం, ఆ తరవాత నాతో మాట్లాడలేదు, కిందనుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, అంతే, నేను దిగితే తను పెరట్లోకి వెళ్తుంది, నేనేం చేశానే, నన్నడిగి వేస్తున్నారా అని ఆ గిన్నెల చప్పుడుతో వాదించుకుంటూ ఉంటాను, వాదించి వాదించి ఓడిపోతూ ఉంటాను.

మామయ్య నోరు మూతపడింది అధికారి రిహార్సల్ గదికి వచ్చి వెళ్ళినప్పుడు, ఒక్కడే వచ్చాడు, మెత్తటి మనిషి, మాస్టారూ అనే పిలిచాడు, నేను చదువుకునే రోజుల్లో క్లారినెట్ నేర్చుకున్నానండీ, వేళ్ళు తిరక్క మానేశాను అని సిగ్గుపడ్డాడు, మీ రికార్డు ఇంట్లో రోజూ వింటాను, ఆ మొదట్లో ట్రంపెట్ స్వరం పగులుతుంది చూశారూ, అక్కడ నాకు ఒళ్ళు జలదరిస్తుంది అన్నాడు, అబద్ధం కాదు, నిజంగా విన్నాడు, ఈ ఊళ్ళో ఆ రికార్డుని ప్లాస్టిక్ విప్పి విన్నవాడు వీడొక్కడేనా అనుకున్నాను, వెళ్ళేటప్పుడు తలుపుకి అంటించిన పేపరు ముక్క దగ్గర ఆగి మొత్తం చదివాడు, గోటితో అంచులు లేపి, చిరక్కుండా ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు, వారం తిరక్కుండా ఆ రాసినాయన పేరు రేడియోలో వచ్చింది, అప్పటికే పాపం ఆయన భయపడి మా రికార్డు గురించి రెండోసారి రాసి ఉన్నాడు, ఉక్కు అనీ క్రమశిక్షణ అనీ వాళ్ళకి నచ్చేలా పొగిడి ఉన్నాడు, అయినా వచ్చింది, మామయ్య ఆ రాత్రి నుంచి పుల్ల పట్టుకోలేదు, తలుపు మీద ఆ కాయితం పోయిన చోట జిగురు మరక ఉంది, రోజూ దానికి వీపు తిప్పి కూర్చునేవాడు, తరవాత అధికారి ఫోను చేసి ఒక చిన్న సాయం అన్నాడు, పాటలో మేం వేసే ఆ మొదటి ముక్క తొందరగా అయిపోతోందండీ, ఈమధ్య కాయితాలు ఎక్కువయ్యాయి, చదివే ఆవిడకి సర్దుకోడానికి టైము చాలట్లేదు, కాస్త పొడిగించి పెట్టండి, మామయ్య అలాగే సార్ అన్నాడు, పొడిగించాడు, ఎంత బాగా పొడిగించాడంటే వాయిస్తుంటే నాకు ఏడుపొచ్చింది, అంత బాగా ఎందుకు రాశావు మామయ్యా అని బ్యాండు అంతా వెళ్ళాక అడిగాను, బాగా రాయకుండా ఉండటం నాకు చేతకాదే అన్నాడు.

ఇందాక వరండాలో పేర్లు చదివే ఆవిడని మొదటిసారి దగ్గరగా చూశాను, గొంతు విని ఎంత పెద్ద మనిషో అనుకున్నాను, పొట్టిగా, కళ్ళజోడు తాడు మెడలో వేసుకుని, బళ్ళో టీచరులా ఉంది, నీళ్ళ కుండీ దగ్గర గ్లాసు నింపుకుంటూ, మీరేనా ట్రంపెట్ అని అడిగింది, అవునండీ అన్నాను, మీ డ్రమ్స్ ఆయన్ని ఏదో ముద్దుపేరుతో పిలుస్తున్నారు, ఆయన ఇంటిపేరు ఉంది చూడండి, అందులో రెండో అక్షరం ఒత్తి పలకాలా, తేల్చెయ్యాలా అని అడిగింది, ఒత్తాలండీ, మోటారు పనికి పిలిచేవాళ్ళంతా తేల్చేసి పాడుచేస్తారు, ఆయనకి అదంటే మహా కోపం అని నవ్వుతూ పలికి చూపించాను, ఏడాది నిండిన సందర్భం కదా, మైకులో బ్యాండు వాళ్ళ పేర్లు చెబుతారు కాబోలు, చీమ మొహం వెలిగిపోతుంది అనుకున్నాను, ఆవిడ పెదవులు కదిపి రెండుసార్లు అనుకుంది, నా కళ్ళలోకి చూస్తూ అనుకుంది, గ్లాసులో నీళ్ళు తాగకుండానే మళ్ళీ కుండీలో పోసేసి వెళ్ళిపోయింది, అదేం మనిషమ్మా అనుకున్నాను.

ఎర్రదీపం వెలిగింది, మామయ్య చెయ్యి లేచింది, ట్రంపెట్ పెదవికి ఆనింది, చల్లగా ఉంది, ఊరంతా ఇప్పుడు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి ఉంటారు, చెల్లెలు కింద గదిలో రేడియో ముందు నిలబడి ఉంటుంది, మామయ్య చెయ్యి దిగింది, నేను ఎక్కాను, పైన నిలబడ్డాను, ఇవాళ స్వరం పగల్లేదు, అద్దం వెనక అధికారి మొహంలో చిన్న నిరాశ, ట్రాంబోన్లు లేచాయి, శాక్సఫోన్లు, చీమ వచ్చాడు, వాడు వస్తే నేల కిందనుంచి ఎవరో భుజం పట్టి లేపినట్టుంటుంది, అద్దం వెనక ఆవిడ తల దించుకుని పెదవులు కదుపుతోంది, శబ్దం లేదు, రెండో అక్షరం దగ్గర పెదవులు బిగుసుకున్నాయి, ఒత్తింది, మళ్ళీ అంది, మళ్ళీ ఒత్తింది, నా పేరు అడగలేదే, మామయ్య పేరు అడగలేదు, పద్దెనిమిది మందిలో ఆ ఒక్క ఇంటిపేరే అడిగింది, అది ఆవిడకెలా తెలుసు, మేమే ఎప్పుడూ వాడని ఇంటిపేరు ఆవిడ కాయితంలో ఎందుకుంది, వేళ్ళు మీటలు నొక్కుతూనే ఉన్నాయి, పక్కన చీమ కళ్ళు మూసుకుని తల ఊపుతూ వాయిస్తున్నాడు, వాడికేం తెలియదు, వాడు ఎవరి మోటారు బాగుచేశాడో, ఎవరింట్లో ఏం మాట్లాడాడో, ఎందుకని అడిగేవాళ్ళెవరు, ఏడాదిగా ఎవరికీ ఎందుకో తెలియలేదు, చివరి మలుపు వచ్చేసింది, మామయ్య రెండు చేతులూ లేపాడు ముగించడానికి, అందరూ చివరి స్వరానికి దిగుతున్నారు, నేను ఆపలేదు, మళ్ళీ మొదటి స్వరానికి వెళ్ళి పాట మొదలుపెట్టాను, ఒక్కదాన్నే, మామయ్య కళ్ళు నామీద పడ్డాయి, ఏమైందే అన్నట్టు, నేను కళ్ళతో అద్దం చూపించాను, చీమని చూపించాను, మళ్ళీ అద్దం చూపించాను, ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో, ఆయన చేతులు కిందికి దించి ట్రాంబోన్లకి రమ్మని సైగ చేశాడు, వచ్చారు, అధికారి నవ్వుతున్నాడు, కొత్త పొడిగింపు అనుకుంటున్నాడు, నా ఊపిరి అయిపోవస్తోంది, ఛాతీలో మంట, పక్కన రెండో ట్రంపెట్, బళ్ళో లెక్కలు చెప్పే పెద్దాయన, నావైపు చూడకుండానే నా స్వరం అందుకున్నాడు, నేను ట్రంపెట్ దించాను, పాట ఆగలేదు, చీమ చెవి దగ్గరికి వంగి వాడి పూర్తి పేరు పలికాను, ఇంటిపేరుతో సహా, రెండో అక్షరం ఒత్తి, ఈ బ్యాండులో ఎవరూ ఎప్పుడూ వాణ్ణి అలా పిలవలేదు, కళ్ళు తెరిచాడు, కాయితంలో ఉంది, ఆవిడ అడిగింది నన్ను, వెనక తలుపు అన్నాను, వాడి పుల్లలు ఒక దెబ్బ తప్పాయి, అక్కా అన్నాడు, ఎప్పుడు చూశాడో మామయ్య రెండు అరచేతులూ పైకెత్తాడు, లేవండి అని, శాక్సఫోన్లు లేచి నిలబడ్డాయి, ట్రాంబోన్లు లేచి నిలబడ్డాయి, అద్దానికీ చీమకీ మధ్య మనుషుల గోడ, వాడు పుల్లలు నా చేతిలో పెట్టి వంగి, అంత పెద్ద మనిషి పిల్లాడిలా వంగి, డ్రమ్స్ మోసుకొచ్చిన తలుపులోంచి వెళ్ళిపోయాడు, అవతల కాపలా మనిషి ఉన్నాడో లేడో, తలుపు చప్పుడు చేసిందో లేదో, నాకు డ్రమ్స్ రావు, ఒకటి రెండు, ఒకటి రెండు కొడుతున్నాను, చెవిటివాడికి కూడా తేడా తెలిసిపోతుంది, మనుషుల భుజాల మధ్య సందులోంచి చూశాను, ఆవిడ చేతిలోంచి కాయితాలు జారి నేలంతా పరుచుకున్నాయి, వంగి ఒక్కొక్కటే ఏరుతోంది, ఇన్ని పేర్లు ఇంత చక్కగా చదివిన మనిషికి ఒక ఇంటిపేరు పలకడం రాదా, ఆవిడ నన్ను అడగలేదు, నాకు చెప్పింది, అధికారి నవ్వడం మానేశాడు, గడియారం చూసుకున్నాడు, లేచాడు, కుర్చీ వెనక్కి జరిగింది, తలుపు పిడి మీద చెయ్యి వేశాడు, మామయ్య అటు చూడట్లేదు, మళ్ళీ మొదటికి అని వేలితో గుండ్రంగా తిప్పుతున్నాడు, ట్రాంబోన్ల మొహాలు ఎర్రగా ఉబ్బిపోయాయి, ఒకడు ఊపిరి తీసుకునేలోగా ఇంకొకడు ఊదుతున్నాడు, ఎవరూ ఆపట్లేదు, బయట వీధిలో చీమ పరిగెత్తడు, పరిగెత్తితే పట్టుకుంటారని వాడికి తెలుసు, నడుస్తుంటాడు, ప్రతి కిటికీలోంచి మేమే, ఈ ఇంట్లోంచి ట్రాంబోన్లు, ఆ ఇంట్లోంచి శాక్సఫోన్లు, మూలమీద కొట్లోంచి నా చేతి చేతకాని దెబ్బలు, వింటూ నడుస్తుంటాడు, వినిపించినంతసేపూ తన పేరు ఇంకా చదవలేదని లెక్క, ఏడాదిగా ఈ ఊరంతా ఇది ఎప్పుడు ఆగుతుందా అని బిగుసుకుని విన్నది, ఇవాళ ఒక మనిషి, ఒక్క మనిషి, ఇది ఆగకూడదని వింటున్నాడు.